వేళ్ల బూట్లు: అమెరికా ఆర్మీ ఎందుకు వద్దంది? మన 1600 మీటర్ల రన్‌కి పనికొస్తాయా?

పొద్దున ఐదింటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఏ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లినా ఒకే సీన్. సగం చీకట్లో సెల్‌ఫోన్ టార్చ్ వేసుకుని, స్టాప్‌వాచ్ యాప్ ఆన్ చేసి, రౌండ్లు కొడుతున్న కుర్రాళ్లు. ఒకరికి కానిస్టేబుల్ కావాలి, ఇంకొకరికి అగ్నివీర్. రన్ అయిపోయాక గోడ మీద కూర్చుంటే మాట ఎటు తిరిగినా చివరికి బూట్ల దగ్గరికే వస్తుంది. "అన్నా, ఏ షూ వేస్తే టైమ్ తగ్గుతది?"

ఈ మధ్య ఆ ప్రశ్నకి కొత్త జవాబు ఒకటి చక్కర్లు కొడుతోంది. ఐదు వేళ్లకీ ఐదు అరలు ఉండే బూట్లు. చేతికి గ్లవ్ ఎట్లనో కాలికి ఇవి అట్ల. రీల్స్‌లో ఎవరో కండల వీరుడు వీటితో పరిగెత్తుతాడు, కింద "కమాండోలు వాడే షూ" అని క్యాప్షన్. అంతే, ఆర్డర్ పెట్టేస్తారు.

మన సైట్‌లో ఫోన్ రివ్యూ చేసేటప్పుడు డబ్బా మీద రాసింది నమ్మం కదా. ఇక్కడా అదే పద్ధతి. ఈ బూట్లు ఎక్కడ పుట్టాయి, మిలిటరీ నిజంగా ఒప్పుకుందా, పరిశోధనలు ఏం చెప్పాయి, పాలమూరు మట్టి మీద వీటి సంగతేంటి... ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు స్పెక్స్

ఈ టైపు బూట్లని మినిమలిస్ట్ షూస్ అంటారు. తెలుసుకోవాల్సిన మాటలు మూడే.

ఒకటి, స్టాక్ హైట్. అంటే మీ పాదానికీ నేలకీ మధ్య ఎంత మందం ఉంది అని. మామూలు రన్నింగ్ షూలో మడమ కింద 30 మిల్లీమీటర్ల దాకా ఫోమ్ ఉండటం సహజం. వేళ్ల బూట్లలో మొత్తం కలిపినా కొన్ని మిల్లీమీటర్లే.

రెండు, డ్రాప్. మడమ దగ్గర ఎత్తుకీ వేళ్ల దగ్గర ఎత్తుకీ తేడా. మామూలు షూలో 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. వీటిలో సున్నా, అందుకే జీరో డ్రాప్ అంటారు.

మూడు, బరువు. మామూలు ట్రైనింగ్ షూ ఒక్కోటి 300 గ్రాముల దగ్గర ఉంటే, వేళ్ల బూటు 150 గ్రాముల చుట్టుపక్కల తేలుతుంది.

వేళ్లు విడివిడిగా ఉండటం అనేది ఈ మూడింటి మీద నాలుగో ఫీచర్. కంటికి మొదట కనిపించేది అదే. పనిలో ఎంత తేడా తెస్తుందన్నది చివర్లో చెప్తా.

ఇటలీలో పుట్టింది, జపాన్‌లో అన్న ఉన్నాడు

ఇప్పుడు మనం చూస్తున్న వేళ్ల బూటు ఐడియా ఇటలీ డిజైనర్ రాబర్ట్ ఫ్లిరిది. 1999లో ఆయన బుర్రలో పుట్టింది. దాన్ని మార్కెట్‌కి తెచ్చింది విబ్రమ్ అనే ఇటలీ కంపెనీ. పర్వతాలెక్కే బూట్లకి రబ్బరు సోల్స్ చేయడంలో పేరున్న సంస్థ అది. ఫైవ్‌ఫింగర్స్ పేరుతో 2000ల మధ్యలో అమ్మకానికి వచ్చింది. 2007లో టైమ్ మ్యాగజైన్ ఆ ఏడాది మంచి ఆవిష్కరణల లిస్ట్‌లో దీన్ని పెట్టింది. మొదట్లో పడవల మీద జారకుండా ఉండటానికి వాడేవాళ్లు. పరుగు మోజు తర్వాత అంటుకుంది.

అయితే బూటుకి వేళ్లు విడదీయడం ఇటలీతోనే మొదలవలేదు. జపాన్‌లో జికతాబి అని ఉంది. బొటనవేలు ఒక అర, మిగతా నాలుగు వేళ్లు ఒక అర. దానికి రబ్బరు సోల్ వేసి 1923లో పెద్ద ఎత్తున అమ్మింది షోజిరో ఇషిబాషి. తర్వాత బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల కంపెనీ పెట్టింది ఈయనే! రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైనికులు అడవుల్లో ఈ జికతాబిలు తొడుక్కుని తిరిగారు. 1951లో బోస్టన్ మారథాన్ గెలిచిన షిగెకి తనాకా కూడా వేలు విడదీసిన బూట్లతోనే పరిగెత్తాడు. అంటే "సైన్యం వేళ్ల బూట్లు వాడిందా?" అంటే వాడింది. కాకపోతే రీల్‌లో చెప్పే సైన్యం కాదు, ఆ కాలమూ కాదు.

మోజు ఎలా పెరిగింది

2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన "బార్న్ టు రన్" పుస్తకం వచ్చింది. మెక్సికో కొండల్లో పల్చటి చెప్పులతో మైళ్లకు మైళ్లు పరిగెత్తే తారహుమారా జనం గురించి అందులో ఉంది. 2010 జనవరిలో హార్వర్డ్ ప్రొఫెసర్ డేనియల్ లీబర్‌మన్ బృందం నేచర్ జర్నల్‌లో ఒక పేపర్ వేసింది. చిన్నప్పటి నుంచి వట్టి కాళ్లతో పరిగెత్తేవాళ్లలో ఎక్కువమంది పాదం ముందు భాగాన్నో మధ్య భాగాన్నో ముందు ఆనిస్తారు, షూ వేసుకునేవాళ్లలో ఎక్కువమంది మడమని ముందు కొడతారు, ముందు భాగం ఆనిస్తే నేల నుంచి ఒక్కసారిగా తగిలే దెబ్బ తక్కువ. ఇదీ సారాంశం.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది వదిలేశారు. ఆ పేపర్ అడుగు ఎలా పడుతుందో చెప్పింది. "ఈ షూ కొంటే గాయాలు కావు" అని చెప్పలేదు. కానీ మార్కెట్‌కి అంత ఓపిక ఎక్కడిది? 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్లతో మారథాన్ గెలిచిన అబెబె బికిలా పేరు మీద ఒక మోడల్ కూడా దించేశారు. ఆయన గెలిచింది బూట్లు లేకుండా. అమ్మింది బూట్లు!

మిలిటరీ: ఒకే దేశం, రెండు రూల్స్

అసలు కథ ఇది. 2010, 2011 నాటికి అమెరికా సైనికులు చాలామంది వీటితో పీటీకి వచ్చేవాళ్లు. 2011 జూన్‌లో ఆర్మీ ఒక ఆర్డర్ ఇచ్చింది. మినిమలిస్ట్ షూస్ వేసుకోవచ్చు, కానీ ఐదు వేళ్లూ ఒకే అరలో ఉండాలి. వేలు వేలుకీ అర ఉన్నవి పీటీ డ్రెస్‌తో వేయకూడదు.

కారణం ఏం చెప్పారో తెలుసా? గాయాలు కాదు, పర్ఫార్మెన్స్ కాదు. అవి సైన్యం హుందాతనాన్ని తగ్గిస్తున్నాయి అని! అంటే చూడ్డానికి బాగోలేదు, అంతే. వరుసలో నిలబడ్డ వందమందిలో పదిమంది కాళ్లు కప్ప కాళ్లలా కనిపిస్తే సార్జెంట్‌కి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అదే దేశంలో ఎయిర్ ఫోర్స్ 2012 మొదట్లో తన రూల్ మార్చుకుని వేళ్ల బూట్లకి పీటీలో పర్మిషన్ ఇచ్చింది. ఒకే కాలు, ఒకే బూటు. ఒక యూనిఫామ్ కింద తప్పు, ఇంకో యూనిఫామ్ కింద ఓకే. కాబట్టి "మిలిటరీ అప్రూవ్డ్" అనే స్టిక్కర్ ఎక్కడ కనబడినా ఏ మిలిటరీ, ఏ సంవత్సరం, ఏ పనికి అని మూడు ప్రశ్నలు అడగండి. ఫోన్ మీద "మిలిటరీ గ్రేడ్" అని వేస్తే ఏ టెస్ట్ పాసైందో అడుగుతాం కదా, అట్లనే.

మన ఆర్మీలో ఈ చర్చకే చోటు తక్కువ. ట్రైనింగ్ సెంటర్‌లో అడుగుపెట్టాక ఇచ్చిన పీటీ షూ, ఇచ్చిన బూటు. 5 కిలోమీటర్ల బీపీఈటీ పరుగు అంటే డీఎంఎస్ బూట్లు, వీపు మీద సామాను, చేతిలో రైఫిల్. అక్కడ మీ ఆన్‌లైన్ ఆర్డర్ పెట్టె తెరిచే అవసరమే రాదు. ఇది గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

పాలమూరుకి సైన్యం కొత్తేం కాదు

పక్కదారి అనుకోకండి, రెండు ముక్కలు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే ఏరియా ఉంది కదా. ఏసీ అంటే చల్లగాలి మిషన్ కాదు, ఆఫ్రికన్ క్యావల్రీ. ఆ దళం మూలం వనపర్తి సంస్థానం. 19వ శతాబ్దంలో వనపర్తి రాజా రామేశ్వర్ రావు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో అంగరక్షక దళం పెట్టాడు. ఆయన పోయాక అది నిజాం సైన్యంలో కలిసింది. ఆ వనపర్తి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. ఒకప్పుడు సంస్థానం సైనికులు తిరిగిన ఊళ్లలో ఇవాళ మన పిల్లలు ఉద్యోగం కోసం చెమటోడుస్తున్నారు. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి వేర్వేరు జిల్లాలయ్యాయి కానీ, పొద్దున ఐదింటి కల మాత్రం మూడింటిదీ ఒక్కటే.

సెకన్ల లెక్క

కల పక్కన పెట్టి లెక్కలోకి వద్దాం. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అగ్నివీర్ ర్యాలీ ఇంకా టైట్. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్ల లోపు అయితే ఫుల్ 60 మార్కులు. ఆ గీత దాటితే, 5:45 లోపు అయితే 48. అంటే ఒక్క సెకను లేటుకి 12 మార్కులు పోతాయి. ఈ టైమింగ్స్ నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ మారుతుంటాయి, మీ నోటిఫికేషన్ చదువుకోండి.

5:30 అంటే 330 సెకన్లు. 400 మీటర్ల రౌండ్లు నాలుగు. ఒక్కో రౌండ్ 82.5 సెకన్లు. ఇక్కడ బూటు బరువు ఎంత తేడా తెస్తుంది?

దీని మీద 2016లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మంచి టెస్ట్ చేశారు. 18 మంది రన్నర్లు. బూట్లలో వాళ్లకి తెలియకుండా బరువు దాచి 3000 మీటర్లు పరిగెత్తించారు. ఒక్కో బూటుకి 100 గ్రాములు పెరిగితే టైమ్ సుమారు 0.78 శాతం పెరిగింది. ఆ లెక్క మన 1600కి పెడితే, 300 గ్రాముల షూ నుంచి 150 గ్రాములకి దిగితే 330 సెకన్లలో దాదాపు 4 సెకన్లు మిగలాలి. 4 సెకన్లు అంటే చిన్నది కాదు. గీతకి ఇవతల 60, అవతల 48.

"అయితే వేళ్ల బూటు కొనేద్దామా?" ఆగండి. ఈ లాభం బరువుది. వేళ్లది కాదు. 150 గ్రాముల మామూలు రేసింగ్ షూ వేసినా అదే లాభం. పైగా అదే కొలరాడో యూనివర్సిటీలో 2012లో ఇంకో టెస్ట్ చేశారు. వట్టి కాళ్లతో పరిగెత్తడం అలవాటున్న 12 మందిని వట్టి కాళ్లతోనూ, సుమారు 150 గ్రాముల పల్చటి కుషన్ షూతోనూ పరిగెత్తించి, ఆక్సిజన్ ఎంత వాడారో కొలిచారు. వట్టి కాళ్లకి ప్రత్యేకంగా ఏ లాభమూ కనిపించలేదు. కొద్దిగా ఫోమ్ ఉంటే, ఆ దెబ్బని ఆపడానికి కండరాలు పడే కష్టం తగ్గుతుంది. ఫోమ్ బరువు నష్టం, ఫోమ్ మెత్తదనం లాభం. రెండూ చెల్లుకు చెల్లు.

ఎముక దగ్గర ఆగుతుంది కథ

ఇప్పుడు అసలు రిస్క్. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2013లో ఒక స్టడీ ప్రింట్ చేశారు. 36 మంది అనుభవమున్న రన్నర్లు, 10 వారాలు. 17 మంది పాత షూతోనే ఉన్నారు, మిగతా 19 మంది మెల్లగా ఫైవ్‌ఫింగర్స్‌కి మారారు. ముందూ వెనకా ఎంఆర్ఐ తీశారు. ఆ 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో మజ్జ వాపు పెరిగింది. అది ఎముక ఒత్తిడికి గురవుతోందని చెప్పే గుర్తు. ఇంకా తొక్కిస్తే పగుళ్లే.

ఆ పగుళ్లకి పేరేంటో తెలుసా? మార్చ్ ఫ్రాక్చర్. సైనికుల కవాతు నుంచి వచ్చిన పేరు. 1855లో బ్రైత్‌హౌప్ట్ అనే ప్రష్యా మిలిటరీ డాక్టర్, కవాతులు చేసిన సైనికుల పాదాలు వాచడం చూసి మొదట రాసిపెట్టాడు. కాలి వేళ్ల వెనక ఉండే పొడుగు ఎముకల్లో, ముఖ్యంగా రెండు, మూడో వాటిలో వస్తుంది. మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు.

ఇది నాకు పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే కాదు. ఈవెంట్స్‌కి రెండు నెలలు ఉందనగా నేనూ ఆన్‌లైన్‌లో ఒక కాపీ జత తెప్పించుకున్నా. కంపెనీ పేరు అనవసరం. మొదటి రోజే 1600 ఫుల్ స్పీడ్. కాలు గాలిలో తేలినట్టుంది, టైమ్ కూడా బాగానే వచ్చింది. మూడో రోజుకి పిక్కలు రాళ్లయ్యాయి. "అలవాటైతది లే" అని ఇంకో రెండు వారాలు లాగా. ఒక పొద్దున మంచం దిగి కాలు నేల మీద పెడితే పాదం పైభాగంలో సూది దిగినట్టయింది. ఎక్స్‌రేలో ఏం కనిపించలేదు. ఈ పగుళ్లు మొదట్లో ఎక్స్‌రేకి దొరకవని డాక్టర్ చెప్పాడు. ఆరు వారాలు రన్నింగ్ బంద్. ఈవెంట్స్ రోజున మూడో రౌండ్‌లో నాకు తెలిసిపోయింది. నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడో రావాలి, వయసు ఆగదు. మా నాయన ఏం అనలేదు. "ఆ బూట్లు ఏడ పెట్టినవ్ రా" అని మాత్రం అడిగాడు.

బ్యాలెన్స్ కోసం ఇంకో మాట. మినిమలిస్ట్ షూస్ అన్నీ చెడ్డవని కాదు. 2016లో అమెరికా ఆర్మీ బ్రిగేడ్‌లో 1,332 మంది సైనికులని చూసిన స్టడీలో, వయసు, ఫిట్‌నెస్ లాంటివి లెక్కలోకి తీసుకున్నాక, మినిమలిస్ట్ షూ వేసేవాళ్లకీ మామూలు షూ వేసేవాళ్లకీ గాయాల రిస్క్‌లో తేడా కనిపించలేదు. అంతకుముందు పాదం వంపు చూసి షూ కేటాయించడం మీద ఆర్మీ, ఎయిర్ ఫోర్స్, మెరీన్స్ మూడింటిలోనూ టెస్ట్ చేస్తే, దాని వల్ల గాయాలు పెద్దగా తగ్గలేదు. బూటు దేవుడూ కాదు, దయ్యమూ కాదు. తొందరపడి మారడమే దయ్యం.

కోర్టులో ఫైవ్‌ఫింగర్స్

"పాదం కండరాలు బలపడతాయి, గాయాలు తగ్గుతాయి" అన్న ప్రకటనలకి ఆధారం లేదంటూ 2012లో అమెరికాలో వినియోగదారులు విబ్రమ్ మీద కేసు వేశారు. తప్పు ఒప్పుకోకుండానే 2014లో కంపెనీ 37.5 లక్షల డాలర్లకి రాజీ చేసుకుంది. జతకి 94 డాలర్ల దాకా వెనక్కి ఇస్తామన్నారు. క్లెయిమ్ చేసినవాళ్లు ఎక్కువై చివరికి జతకి 8 డాలర్ల చిల్లరే వచ్చింది. అంటే డబ్బు పోయింది, షూ మిగిలింది.

మన నేల మీద

విదేశీ రివ్యూలు గడ్డి పార్కుల్లో, సింథటిక్ ట్రాక్ మీద చేస్తారు. మనది నడిగడ్డ. కృష్ణ, తుంగభద్ర నడుమ నల్లరేగడి, ఎర్ర చెలక, బండరాళ్లు. ఎండాకాలం నేల కాలుతుంది, పల్చటి సోల్ ఆ వేడిని ఎక్కువసేపు ఆపలేదు. గ్రౌండ్ అంచున పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు. కొన్ని మిల్లీమీటర్ల రబ్బరుని తుమ్మ ముల్లు అడిగి దిగదు. వానాకాలం నల్లమట్టి వేళ్ల సందుల్లో ఇరుక్కుంటే కడగడం అదో డ్యూటీ. వేళ్ల సాక్సులు లేకుండా వేస్తే సందులు ఒరుసుకుపోతాయి, వాసన సంగతి ఇంట్లోవాళ్లని అడగండి.

ఇంకో తమాషా. మన తాతలు కిర్రు చెప్పులతో చెలకల్లో పనిచేసినవాళ్లే. డ్రాప్ లేదు, ఫోమ్ లేదు, వేళ్లకి కావలసినంత చోటు. జీరో డ్రాప్ మనకి ఇటలీ నుంచి దిగుమతి కావాల్సిన పని లేదు. కాకపోతే వాళ్ల కాళ్లు ఐదో ఏట నుంచే అలవాటు పడ్డాయి. మనవి స్కూల్ షూలో పెరిగాయి. తేడా బూటులో లేదు, ఆ పదిహేనేళ్లలో ఉంది.

కొంటే ఎలా వాడాలి

సెలెక్షన్‌కి ఆరు నెలల కన్నా ఎక్కువ టైమ్ ఉంటేనే ఈ ప్రయోగం. మొదటి రెండు వారాలు ఇంట్లో, వీధిలో నడక మాత్రమే. తర్వాత వార్మప్‌లో 200 మీటర్లు, మెత్తటి నేల మీద, రోజు విడిచి రోజు. మిగతా రన్నింగ్ పాత షూతోనే. పిక్క నొప్పి ఉంటే ఆ రోజు పెంచకండి. పాదం పైభాగంలో ఒకేచోట వేలు పెడితే నొప్పి పుడుతోందంటే అక్కడితో ఆపి డాక్టర్‌ని కలవండి. "అలవాటైతది" అనే మాట ఆ నొప్పికి వర్తించదు.

సెలెక్షన్ రెండు, మూడు నెలల్లో ఉంటే? ఏ కొత్త షూ వద్దు, వేళ్లదీ వద్దు, కార్బన్ ప్లేట్‌దీ వద్దు. కాలికి అలవాటైన డిజైన్‌లోనే కాస్త తేలికైన జత చూసుకుని, దాంతో కనీసం నెల ప్రాక్టీస్ చేయండి. గ్రౌండ్‌లో ఏ షూ అనుమతిస్తారో అడ్మిట్ కార్డ్ మీద సూచనలు చదవండి. రన్‌ని చిప్‌తో కొలిచే కాలం ఇది. సెకనులో ముక్క కూడా తప్పించుకోలేం.

మా వెర్డిక్ట్

ప్లస్: బరువు తక్కువ, నేల బాగా తెలుస్తుంది, నడకకి, జిమ్‌లో బరువులెత్తడానికి, పాదం కండరాలకి మెల్లగా పని చెప్పడానికి బాగుంటాయి.

మైనస్: అమెరికాలోనే వంద డాలర్లకి అటూ ఇటూ ధర, కాపీల బెడద, ముళ్లకీ ఎండకీ బలహీనం, అలవాటుకి నెలలు పడుతుంది, తొందరపడితే ఎముక.

వేళ్ల అరల వల్ల స్పీడ్ పెరిగిందని చెప్పే గట్టి ఆధారం మాకైతే దొరకలేదు. తేలికదనం లాభమే, అది మామూలు పల్చటి షూలోనూ దొరుకుతుంది. రేపు సెలెక్ట్ అయ్యాక మీ కాలికి వచ్చేది సర్కారు ఇచ్చిన బూటు. దానితో పరిగెత్తగల కాలే అసలు గ్యాడ్జెట్. దాన్ని మార్చుకోలేం, వారంటీ లేదు. దాని ఛార్జింగ్ పొద్దున ఐదింటి గ్రౌండ్‌లో, రాత్రి ఎనిమిది గంటల నిద్రలో.

నా జత ఇప్పటికీ ఉంది. మా నాయన పొలంలో పైపు మార్చేటప్పుడు తొడుక్కుంటాడు. "బురదల జారవు, మంచిగున్నయ్" అంటాడు. మొదట పడవల మీద వాడిన బూట్లు కదా, ఆ రివ్యూ కరెక్టే.